చంద్రానికి వెళ్ళే నాన్న

మా కాలేజీలో పని తక్కువున్న వాళ్ళకి పదవులెక్కువ. తెలుగు లెక్చరర్ని కాబట్టి నాకు పనే ఉండదని మిగతా డిపార్టుమెంట్ల వాళ్ళ నమ్మకం. స్వచ్ఛత కమిటీ, రక్తదాన శిబిరం, వచ్చిన అతిథులకి శాలువాలు కొనుక్కురావడం, అన్నీ నా నెత్తినే ఉంటాయి. ఆ వరసలోనే ఒకరోజు స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం ఎత్తి చూపించి, "మేడమ్, ఈ ఏఐ నోడల్ ఆఫీసరు కూడా మీరే చూసుకోండి" అన్నారు. కంప్యూటర్ సైన్సు లెక్చరరు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయనుండగా నేనెందుకండీ అంటే, "ఆయనకి ల్యాబులున్నాయి కదండీ" అన్నారు. ఆ ల్యాబులో సగానికి పైగా కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని నిద్రపోతుంటాయని నర్సీపట్నంలో తెలియనివాళ్ళు లేరు. ఆయన మాత్రం తల దించుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ కాగితం, ఉన్నత విద్యలో కృత్రిమ మేధ వాడకం గురించి ప్రభుత్వం వారు పంపిన విధానం. ఒత్తులతో సహా చదివే రోగం నాకుంది కాబట్టి మొత్తం చదివాను. ప్రతి విద్యార్థీ కృత్రిమ మేధను అందిపుచ్చుకోవాలని మొదటి పేజీలో ఉంది. దానిచేత ఎవరూ ప్రాజెక్టు రిపోర్టు రాయించకూడదని రెండో పేజీలో ఉంది. రాయించారో లేదో కనిపెట్టి మార్కులేసే పని కూడా కృత్రిమ మేధకే అప్పగించామని మూడో పేజీలో ఉంది. గిల్లేదీ అదే, జోల పాడేదీ అదే, బిడ్డ ఎందుకేడ్చిందో పైకి రాసి పంపేదీ అదేనన్నమాట.

అంతవరకూ నవ్వుకున్నాను. చివరి పేజీలో ఇంకో వాక్యం ఉంది. మూల్యాంకనంలో పక్షపాతానికి తావు లేకుండా ఉండేందుకు, విద్యార్థి రాసినదాన్ని పోర్టల్లో అప్‌లోడుకు ముందు గైడు చూడరాదు, దిద్దరాదు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. దిద్దడానికే కదా ఇన్నాళ్ళూ నాకు జీతమిచ్చారు. పిల్లల రాత చూడకపోవడమే నిష్పక్షపాతమైతే, కళ్ళు మూసుకుని ఇస్త్రీ చేసేవాడు కూడా నిష్పక్షపాతుడే.

ఈ మాట ప్రిన్సిపాల్ గారితో అన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. పై నుంచి వచ్చిన కాగితానికి కింద నుంచి జవాబు ఉండదని నమ్మిన మనిషి, అంతే. "మనకెందుకు మేడమ్, వాళ్ళు చెప్పినట్టు చేసేద్దాం" అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టేయమనే రకం. ఆయన ఉద్యోగమంతా అలా దూడల్ని కట్టడంతోనే సరిపోయింది.

తరవాత ఆన్‌లైన్లో మాకు శిక్షణ ఇచ్చారు. తెర మీద ఒకాయన గంటసేపు మాట్లాడి, ప్రశ్నలుంటే చాట్ బాక్సులో రాయమన్నాడు. కొయ్యూరు వైపు పిల్లలకి సెలవుల్లో సిగ్నల్ ఉండదండీ, కొండెక్కి నిలబడితేగాని ఫోను పలకదు, వాళ్ళెలా అప్‌లోడ్ చేస్తారని రాశాను. "మంచి ప్రశ్న" అని జవాబు వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు.

ఆ సంవత్సరం డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లల్లో నా దగ్గర ప్రాజెక్టు తీసుకున్న అమ్మాయి ఒకతె ఉండేది. యలమంచిలి దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె వాళ్ళది. నాన్న వేటకి వెళతాడు. అమ్మ చేపల గంపతో బస్సెక్కి నర్సీపట్నం వచ్చి, మార్కెట్టు చివర గోనెపట్టా పరుచుకుని అమ్ముకుని పోతుంది. అమ్మ రోజూ వచ్చే ఊరని పిల్లని కూడా ఇక్కడే హాస్టల్లో పెట్టారు. మధ్యాహ్నం క్లాసు లేకపోతే ఆ పిల్ల వెళ్ళి అమ్మ పక్కన కూర్చునేది. నేను చేపలు కొనడానికి వెళితే అమ్మకి సైగ చేసేది, మేడమ్‌కి మంచివి వెయ్యమని. వాళ్ళమ్మ మంచివే వేసేది గానీ, బేరంలో మాత్రం తగ్గేది కాదు.

క్లాసులో ఆ పిల్ల గొంతు విప్పేది కాదు. విప్పితే 'స' బయటపడుతుందని భయం. సెప్పండి, సదివాను, సెట్టు, సేప. మాది రోలుగుంట పక్క ఊరు, జీడితోటల మధ్య పుట్టినదాన్ని. మా ఇంట్లోనూ ఇదే మాట. ఇక్కడి బళ్ళలో మాస్టర్లు ఎప్పట్నుంచో పిల్లలకి ఒక సూత్రం నూరిపోస్తారు. మీ ఇంట్లో 'స' అనేచోట బడిలో 'చ' అనాలి. సేప కాదు చేప, సెట్టు కాదు చెట్టు, సదువు కాదు చదువు. సూత్రం మంచిదే. కానీ భయపడ్డ పిల్ల చేతిలో సూత్రం ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. నేను ఆరో తరగతిలో సీతాకోకచిలుకని 'చీతాకోకచిలుక' అని రాశాను. మా మాస్టారు క్లాసంతా వినేలా చదివి, "ఒసే, అది సీతమ్మ కోకే, ఆవిడ కోక ఆవిడకి ఉండనియ్యి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మార్కు మాత్రం తగ్గించలేదు. ఎందుకు రాశానో ఆయనకి తెలుసు, ఆయనదీ ఈ మట్టే.

ఈ అమ్మాయికి బీఈడీ చేసి తెలుగు టీచరు కావాలని ఉండేది. "నాలాగ మాట్లాడే పిల్లలకి సదువు సెప్తానండి" అని ఒకసారి అంది, అని వెంటనే నాలిక కరుచుకుంది. డిగ్రీ మార్కుల మెమో చేతికొస్తేనే బీఈడీ కౌన్సెలింగుకి వెళ్ళగలదు. ఆ ఏడాది తప్పిపోతే ఇంకో ఏడాది ఖాళీగా కూర్చోబెట్టే స్తోమత ఆ ఇంటికి లేదు. వాళ్ళ పల్లెకి రొయ్యల కంపెనీ బస్సు రోజూ వస్తుంది. ఆడపిల్లలు అందులో ఎక్కి వెళ్ళి, చల్లటి గదుల్లో నిలబడి రొయ్యలు ఒలిచి వస్తారు. దాని అక్క ఎక్కింది, మేనత్త కూతుళ్ళు ఎక్కారు. ఆ బస్సు ఎక్కకూడదనే ఆ పిల్ల ఆశంతా.

ప్రాజెక్టుకి ఏం రాయనండీ అని అడిగితే, నీకు బాగా తెలిసింది రాయమన్నాను. చేపలమ్మే ఆడవాళ్ళ గురించి రాస్తానంది. రాసింది. నిబంధన ప్రకారం నాకు చూపించకుండా, హాస్టల్లో ఎవరి ఫోనో అడిగి తీసుకుని అప్‌లోడ్ చేసింది.

వారం తిరగకుండా స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, నాను అబద్ధం రాయలేదండి" అంది.

ఏమైందే అంటే ఫోను చేతికిచ్చింది. తెర మీద ఎర్రటి గీతలో 'తిరస్కరించబడినది' అని ఉంది. కింద కారణం. 'తన తండ్రి ప్రతిదినము చంద్రుని వద్దకు వెళ్ళివచ్చుచున్నట్లు విద్యార్థి పేర్కొన్నది. చంత అను వ్యక్తి వద్ద తల్లి చేపలు విక్రయించుచున్నదని పేర్కొన్నది. వాస్తవ విరుద్ధము. ఇట్టి కల్పనలు కృత్రిమ మేధచే సృష్టింపబడిన రచనకు లక్షణములు. దుర్వినియోగముగా నమోదు చేయడమైనది.'

మొదట నాకేమీ అర్థం కాలేదు. ఇప్పుడు గైడు చూడవచ్చు కాబట్టి, నా లాగిన్‌లో రిపోర్టు తెరిచి చదివాను.

'మా నాన్న చీకటితోనే చంద్రానికి వెళతాడు. చంద్రం బాగుంటే మా ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారు. చంద్రం కోపంగా ఉంటే ఎవరూ మాట్లాడరు. కుండ మీద మూత కూడా చప్పుడు కాకుండా పెడతారు. నాన్న చంద్రం నుంచి తిరిగి రాకముందే అమ్మ గంప కడిగి బోర్లిస్తుంది. తిరిగి వస్తాడన్న నమ్మకాన్ని ఆమె అలా చెప్తుంది.'

వాళ్ళింట్లో సముద్రాన్ని సంద్రం అంటారు. సంద్రంలో 'స' ఉంది. బడిలో 'స' తప్పు. కాబట్టి చంద్రం. సంత కూడా అలాగే చంత అయింది. నాకు నవ్వొచ్చింది. సీతమ్మ కోక గుర్తొచ్చి గట్టిగానే నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నన్నే చూస్తోంది. అప్పుడు సిగ్గేసి, నోరు మూసుకుని మిగతాది చదివాను.

'బస్సులో మా అమ్మ చివరి సీటులో కూర్చుంటుంది. ముందు ఖాళీ ఉన్నా రాదు. ఎందుకమ్మా అంటే గంపకి గాలి తగలాలి అంటుంది. గంపకి కాదు, మనుషులకి అని నాకు తెలుసు. చంతలో మా అమ్మ పక్కన ఎవరూ నిలబడరు, ఆమె చేపల దగ్గర అందరూ నిలబడతారు.'

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వందల ప్రాజెక్టు రిపోర్టులు చూశానో. ఏ పిల్ల దాన్ని ఎవరి దగ్గర్నుంచి ఎత్తిరాసిందో మొదటి పేజీలోనే చెప్పేయగలను. ఇది ఎవరి దగ్గర్నుంచీ ఎత్తింది కాదు. ఆ 'చంద్రం' ఒక్కటే చాలు సాక్ష్యానికి. ప్రపంచంలో ఏ యంత్రానికీ ఆ తప్పు చేయడం చేతకాదు. అది చేయాలంటే సంద్రం అనే ఇంట్లో పుట్టాలి, చేప అనే బడికి వెళ్ళాలి, ఆ రెంటి మధ్యా సిగ్గుతో చచ్చిపోవాలి. ఇక్కడి పిల్లలు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పది.

ఆ మాటే వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయనకి వెంటనే అర్థమైంది. ఆయనా ఈ వైపు మనిషే. "భలే రాసిందండీ" అని ఆయన కూడా నవ్వారు. మరి ఇది పిల్ల సొంతంగా రాసిందేనని మీరు సంతకం పెట్టి పంపండి అన్నాను. నవ్వు ఆపేశారు. "సంతకానికి పోర్టల్లో ఆప్షన్ లేదు మేడమ్" అన్నారు. కాగితం మీద పంపండి అన్నాను. "కాగితం ఎవరు తీసుకుంటారండీ ఇప్పుడు" అన్నారు. కాగితంతో మొదలైన పీడకి కాగితంతో విరుగుడు లేదట.

హెల్ప్‌లైనుకి ఫోను చేశాను. ఎత్తింది కూడా యంత్రమే. తెలుగు కోసం ఒకటి నొక్కమంది, నొక్కాను. మీ సమస్య చెప్పండి అంది. "అమ్మా, చంద్రం అంటే చంద్రుడు కాదు, సముద్రం" అన్నాను. "క్షమించండి, మీరు చంద్రగ్రహణం గురించి అడుగుతున్నారా" అంది. స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు. అంత పరువుతక్కువగా నేనెప్పుడూ ఫోను పెట్టేయలేదు.

నెలాఖరులో నోడల్ ఆఫీసర్లందరికీ వీడియో మీటింగు పెట్టారు. పై నుంచి ఒక అధికారి మాట్లాడారు. మైకు నా దగ్గరికి వచ్చేవరకూ కాచుకుని కూర్చుని, సంగతంతా మొదట్నుంచి చెప్పాను. స, చ, సంద్రం, చంద్రం. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"మేడమ్, వాళ్ళ ఫాదర్ చంద్రుడి మీదకి వెళ్ళరు కదా?" అన్నారు.

"వెళ్ళరండి."

"అంటే సిస్టమ్ చెప్పింది కరెక్టే కదా మేడమ్. స్పెల్లింగులు సరిచేయించి రీసబ్మిట్ చేయించండి. స్టూడెంట్ ఫ్రెండ్లీగా ఉండాలనే కదా ఒక ఛాన్స్ ఇచ్చాం."

తెర మీద చిన్నచిన్న గడుల్లో ఉన్న మొహాల్లో కొన్ని నవ్వాయి. కొంతమంది తల ఆడించారు. నేను ఇంకా ఏదో చెప్పబోయేసరికి మైకు కట్టేశారు. అవతల మైకు కట్టేశారని తెలియక కాసేపు ఒక్కదాన్నే మాట్లాడుకున్నాను.

సరే, స్పెల్లింగులే కదా అనుకున్నాను. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చంద్రాలన్నీ సంద్రాలు చేశాం, చంతలన్నీ సంతలు చేశాం. ఇంకొక్క అక్షరం ముట్టుకోలేదు. పని చేస్తుంటే ఆ పిల్లకి కాస్త ధైర్యం వచ్చింది. "మేడమ్, 'సంద్రం' అని పుస్తకంలో రాయొచ్చాండీ?" అని అడిగింది. రాయొచ్చే, మీ అమ్మమాట రాయకూడదని ఎవరన్నారు అన్నాను. "అందరూ అన్నారండి" అంది.

రెండోసారి పంపడానికి ముందు పరీక్షించి చూసుకునే వీలు పోర్టల్లో ఉంది. దిద్దిన రిపోర్టు అందులో పెట్టాం. చక్రం చాలాసేపు తిరిగింది. మళ్ళీ ఎరుపు. ఈసారి చంద్రుడి గొడవ లేదు. 'ఈ రచన మునుపే సమర్పింపబడి, దుర్వినియోగముగా నమోదైన మరొక రచనతో పూర్తిగా సరిపోలుచున్నది. చౌర్యముగా పరిగణించబడును.'

ఆ మరొక రచన ఏదో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. అది ఈ పిల్ల మొదట పంపిందే. తన రాతని తానే దొంగిలించిందన్నమాట. మొదటిసారి అబద్ధాలకోరు, రెండోసారి దొంగ. చేపలమ్మే తల్లి కూతురికి మా పోర్టల్ ఇచ్చిన బిరుదులివి.

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. యంత్రాన్ని తిడితే దున్నపోతు మీద వాన. దాన్ని తెచ్చిపెట్టినవాళ్ళు తెర వెనక ఎక్కడో ఉన్నారు. ఎదురుగా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. దాన్ని కసిరి, మార్చి రాయవే, వేరే మాటల్లో రాయి అన్నాను. అది ప్రయత్నించింది. నా ఎదురుగానే కూర్చుని ఒక పేజీ రాసింది, కొట్టేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది.

"రావట్లేదండి. మా అమ్మ చివరి సీట్లోనే కూకుంటాది. దాన్ని ఇంకెలగ రాస్తానండీ?" అంది.

గడువు మర్నాటితో అయిపోతుంది. కౌన్సెలింగు తేదీ అప్పటికే వచ్చేసింది. ఆ ఎర్ర గీత కిందే, మొదట్నుంచీ ఒక ఆకుపచ్చ బటన్ ఉంది. నేను దాన్ని చూడనట్టు నటిస్తూ వచ్చాను. 'మీ నివేదికను మా సహాయకునితో మెరుగుపరచమంటారా?' అని దాని మీద ఉంది. విధానం మొదటి పేజీలో అందిపుచ్చుకోమన్నది దీన్నే. రెండో పేజీలో వద్దన్నదీ దీన్నే. ప్రభుత్వం వారి సహాయకుడు రాస్తే అది దుర్వినియోగం కాదని, పోర్టల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. కంప్యూటర్ సైన్సు ఆయన నా వెనక నుంచి తొంగిచూసి చెప్పాడు. "అందరూ దాంతోనే చేయించేస్తున్నారండి. మీరే ఇంత సీరియస్‌గా తీసుకున్నారు" అన్నాడు.

ఆ పిల్ల వేలు బటన్ దగ్గర పెట్టి, "నొక్కమంటారా మేడమ్?" అని అడిగింది.

వద్దంటే రేపట్నుంచి రొయ్యల కంపెనీ బస్సు. నా పౌరుషానికి దాని బతుకు పణం పెట్టలేను.

"నొక్కమ్మా" అన్నాను.

నొక్కింది. కాఫీ పొంగేంత సేపు కూడా పట్టలేదు. చేపలమ్మే ఆడవాళ్ళ గురించి పేజీలకి పేజీలు వచ్చిపడ్డాయి. 'మత్స్యకార మహిళలు గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో కీలక పాత్ర పోషిస్తున్నారు. శీతల గిడ్డంగుల విస్తరణ, డిజిటల్ చెల్లింపుల ప్రోత్సాహం, నైపుణ్యాభివృద్ధి ద్వారా వారి సాధికారతను పెంపొందించవచ్చును.' తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. నాన్న లేడు. గంప లేదు. బస్సులో చివరి సీటు 'రవాణా రంగంలో ఎదురవుతున్న సవాళ్ళు' అయిపోయింది. నాకు చదువుతుంటే ఏడుపొచ్చింది, ఆ పిల్లకి మాత్రం ఊపిరి వచ్చింది. బేగి పంపించేద్దామండి, మళ్ళీ నెట్టు పోద్దేమో అంది. పంపించేశాం. ఆకుపచ్చ అక్షరాల్లో 'అభినందనలు. మీ నివేదిక పూర్తిగా స్వతంత్ర రచన' అని వచ్చింది.

మార్కులు బాగా పడ్డాయి. మెమో వచ్చింది, బీఈడీ సీటూ వచ్చింది. పిల్ల ఒడ్డున పడింది కదా, అక్కడితో ఊరుకుందామనుకున్నాను. నన్ను ఊరుకోనివ్వలేదు. ఉత్తమ నివేదికలంటూ పై నుంచి ఒక జాబితా వచ్చింది. మా కాలేజీ నుంచి ఈ పిల్లది ఎంపిక చేశారు. ఈ విధానం ఎంత బాగా నడుస్తోందో చూడ్డానికి అధికారులు వస్తారు, ఆ అమ్మాయి తన రిపోర్టు చదివి వినిపించాలి, తల్లిదండ్రుల్ని కూడా పిలిపించండి అన్నారు. శాలువాలు కొనుక్కొచ్చే పని ఎలాగూ నాదే. మార్కెట్టుకి వెళ్ళి వాళ్ళమ్మని పిలిచింది కూడా నేనే. నాన్న వేటకి పోయాడు, రాలేడని ఆవిడ చెప్పింది.

ఆ రోజు ఆవిడ గంప మార్కెట్టులో ఎవరికో అప్పజెప్పి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సెమినార్ హాల్లో ముందు వరసలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం పక్కనే ఆఖరి వరసలో కూర్చుంది. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎవరికి గాలి తగలడానికో ఆవిడ ఎంచుకున్న చోటది, నాకు తెలుసు. ఆ సంగతి రాసిన పేజీ ఇప్పుడు ఎక్కడా లేదు. పోర్టల్లో కూడా లేదు, రెండో నివేదిక రాగానే మొదటిది తీసేశారు.

ఆ పిల్ల స్టేజీ ఎక్కింది. మైకులో చదివింది. ఒక్క 'స' తప్పలేదు, ఒక్క 'చ' తప్పలేదు. కీలక పాత్ర, సాధికారత, సవాళ్ళు, అవకాశాలు. ఎక్కడా తడుముకోలేదు. పొరపాటు చేయడానికి అందులో దాని మాట ఒక్కటీ లేదు. అధికారులు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసి తల ఊపారు, మీవల్లే అన్నట్టు. వాళ్ళమ్మ కూడా చప్పట్లు కొట్టింది, అందరికంటే ఆలస్యంగా, అందరూ ఆపేశాక కూడా.

తరవాత నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"బాగా సదివిందండి మా పిల్ల. ఎవులి గురించండీ అది?"

ఎదురుగా అధికారులున్నారు, నేను నోడల్ ఆఫీసర్ని.

"మీ గురించేనమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నానేమో అనుకుంది.

"నా గురించా? సంద్రం అన్న మాట ఒక్కపాలి కూడా ఇనపడనేదు మరి."

స్టేజీ మీద కూతురికి శాలువా కప్పుతున్నారు. ఆవిడ అటు చూస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నాకు నచ్చజెబుతున్నట్టు మెల్లిగా అంది.

"పోన్లెండి మేడమ్ గారూ. సదువుకున్న పిల్ల కదండీ. మా గురించి ఇంకెందుకు రాత్తాది?"